31 శాతం ఉందని చెప్పి ఆరిపోయింది: సైకిల్ జీపీఎస్ బ్యాటరీ ముచ్చట

(ఈ ఆదివారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలే ఇవి. వినే టైం లేనివాళ్ళ కోసం రాసి పెడుతున్నాను. మాట్లాడినట్టే ఉంటుంది, అక్కడక్కడ మాత్రం సరిచేశాను.)

వెనక ఏసీ చప్పుడు వస్తుంది, దాన్ని ఆపితే నేను మాట్లాడలేను, ఆపకపోతే మీరు వినలేరు. కొంచెం సర్దుకోండి.

ఈ రోజు ముచ్చట సైకిల్‌కు పెట్టుకునే జీపీఎస్ మిషన్ గురించి. "సూపర్వైజర్ అన్నా, మాకు సైకిలే సెకండ్ హ్యాండ్‌ది, దానికి మళ్ళీ కంప్యూటర్ ఎందుకు" అని మీరు అనుకుంటారు, నాకు తెలుసు. నేనూ అట్లే అనుకున్నా. కానీ అందులో ఉన్న బ్యాటరీ మీ ఫోన్‌లో ఉన్నదే, మీ పవర్ బ్యాంక్‌లో ఉన్నదే, సైట్‌లో మన కార్డ్‌లెస్ డ్రిల్లులో ఉన్నదే. కాబట్టి వినండి, వృథా పోదు.

నాకు 43 ఏళ్ళు. షుగర్ ఉందని నాలుగేళ్ళ కింద తేలింది. డాక్టర్ నడవమన్నాడు. రోజంతా సైట్‌లో నడిచేవాడికి మళ్ళీ నడకేంది అనిపించింది, సైకిల్ పట్టుకున్నా. ఆదివారం సెలవు. మా డ్రైవర్ తమ్ముడి కారు వెనక సైకిల్ కట్టుకుని తెల్లారకముందే దుబాయ్‌లో అల్ ఖుద్రా ట్రాక్‌కు పోతాం. తెలియనివాళ్ళకు చెప్తున్నా, అది ఎడారి మధ్యలో సైకిళ్ళ కోసమే వేసిన తారు దారి. కార్లు రావు. పెద్ద చుట్టు ఒకటి తిరిగితే 50 కిలోమీటర్లు. దారి పొడుగునా ఇసుక, అక్కడక్కడ జింకలు. మనిషికి మనిషి కనపడని జాగాలు కూడా ఉన్నాయి.

ఈ మిషన్ నాకు మా ప్రాజెక్టులో పనిచేసిన ఒక ఐరిష్ ఇంజనీరు దగ్గర వచ్చింది. కాంట్రాక్ట్ అయిపోయి దేశం పోతూ 200 దిర్హాంలకు ఇచ్చిండు. కంపెనీ పేరు చెప్పను. ఎందుకంటే తప్పు కంపెనీదని నేను అనుకోవడం లేదు, చాలావరకు బ్యాటరీ స్వభావం, కొంత నా తెలివితక్కువతనం. హ్యాండిల్ మీద అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. ఎంత దూరం, ఎంత స్పీడు, ఎంత సేపు, అన్నీ చూపిస్తుంది. ఫోన్‌తో బ్లూటూత్ కలిపితే ఇంకో పని కూడా చేస్తుంది. మనం ఎక్కడ ఉన్నామో ఇంట్లోవాళ్ళకు లింకు పోతుంది. వాళ్ళు తెరిస్తే మ్యాప్ మీద చుక్క కదులుతూ కనిపిస్తుంది.

మా బిడ్డకు ఆ చుక్క అంటే భలే ఇష్టం. ఆదివారం పొద్దున లేవగానే ట్యాబ్‌లో అది పెట్టుకుని, "నాన్న మలుపు తిరిగిండు, నాన్న ఆగిండు" అని వాళ్ళమ్మకు వార్తలు చదివేది.

పోయిన అక్టోబర్‌లో మొదటిసారి పెద్ద చుట్టు మొత్తం తిరుగుదామని బయలుదేరా. 5 గంటలకు మొదలుపెట్టా, చీకటి. మిషన్ వెలుతురు ఫుల్లు పెట్టుకున్నా. ఆరుంబావు చుట్టుపక్కల సూర్యుడు వచ్చిండు, వెలుతురు తగ్గించడం మరిచిపోయా. 46 కిలోమీటర్ల దగ్గర చూస్తే బ్యాటరీ 31 శాతం. ఇంకా నాలుగు కిలోమీటర్లే కదా, ఢోకా లేదనుకున్నా. అనుకుని తల ఎత్తి దించేలోపు తెర నల్లగా అయిపోయింది.

బటన్ నొక్కితే మళ్ళీ వెలిగింది. 31 అనే చూపించింది! "ఆగిన చోటు నుంచి కొనసాగించాలా" అని అడిగింది, అవునన్నా, మళ్ళీ ఆరిపోయింది. మూడోసారి తెరిస్తే ఆ పొద్దుటి రైడే లేదు. నా మొదటి 50 కిలోమీటర్లు ఎక్కడా లెక్కలో లేకుండా పోయినయ్. నాకు మండింది. తీసి జేబులో పడేసి, మిగిలింది నెమ్మదిగా తొక్కి, పార్కింగ్ దగ్గర కూర్చుని టీ చెప్పా.

టీ సగం తాగినంక ఫోన్ తీశా. సైలెంట్‌లో ఉంది. 14 మిస్డ్ కాల్స్. 11 మా ఇంటామెవి. రెండు షార్జాలో ఉండే మా బామ్మర్దివి. ఒకటి మా రూం తమ్ముడిది.

చుక్క ఆగిపోయింది. మిషన్ ఆరిపోతే ఫోన్‌కు సమాచారం ఆగుతుంది, ఇంట్లో చూసేవాళ్ళకు చుక్క ఎడారి మధ్యలో నిలబడిపోతుంది. అది బ్యాటరీ అయిపోయి నిలబడిందో, మనిషి పడిపోయి నిలబడిందో ఆ చుక్క చెప్పదు. మా పక్క ఊరికి అంతకు రెండు నెలల ముందే శంషాబాద్ మీదుగా ఒక పెట్టె వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, రాత్రి పడుకుని పొద్దున లేవలేదు. గల్ఫ్‌లో ఉన్న మనిషి ఫోన్ ఎత్తకపోతే మన ఇండ్లల్లో ఏం అనుకుంటరో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఫోన్ చేస్తే ఒక్క రింగుకే ఎత్తింది. ఏం మాట్లాడలేదు కాసేపు. తర్వాత "తాగినవా చాయ్?" అన్నది. వెనక కప్పుల చప్పుడు వినబడింది కావచ్చు. అంతే అన్నది. తిట్టినా బాగుండేది.

ఆ రోజు రూంకు వచ్చి మిషన్‌ను ముందర పెట్టుకుని కూర్చున్నా. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్. 31 శాతం ఉన్న బ్యాటరీ ఎట్లా చస్తుంది? ఇది నాకు అర్థం కావాలి.

సైట్‌లో మీరందరూ చూసిందే చెప్తా. డీబీ నుంచి దూరంగా సన్నటి కేబుల్ గుంజి, చివర్లో బల్బు పెట్టినం అనుకోండి. బల్బు మంచిగనే వెలుగుతది. అదే కేబుల్ మీద కట్టర్ మిషన్ స్టార్ట్ చేస్తే? బల్బు డిమ్ము కొడుతది. డీబీలో కరెంటు తగ్గలేదు, కేబుల్ సన్నగా ఉండి లోడ్ పడ్డప్పుడు వోల్టేజ్ దారిలోనే పడిపోతుంది. పాత బ్యాటరీ సరిగ్గా ఇంతే. వయసు మీద పడ్డకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. అంటే లోపలి కేబుల్ సన్నబడ్డట్టు. లోపల ఇంకా సరుకు ఉంటది, కానీ ఒక్కసారి గుంజితే ఇవ్వలేదు.

లిథియం సెల్లు ఫుల్లుగా ఉంటే 4.2 వోల్టులు. వాడేటప్పుడు ఎక్కువసేపు 3.7 చుట్టుపక్కలే ఉంటుంది. 3కి కొంచెం పైన ఎక్కడో మిషన్ తనంతట తానే ఆపేసుకుంటుంది, లేకపోతే సెల్లు పాడవుతుంది కాబట్టి. ఇప్పుడు పాత సెల్లు, తెర వెలుతురు ఫుల్లు, శాటిలైట్లు వెతుకుతుంది, ఫోన్‌తో మాట్లాడుతుంది, అదే టైంలో మలుపు వచ్చి మ్యాప్ మళ్ళీ గీసింది. అందరూ ఒక్కసారి గుంజిండ్రు. వోల్టేజ్ ఒక్క క్షణం గీత కిందికి పోయింది. ఆరిపోయింది. ఆరినంక లోడ్ లేదు కదా, వోల్టేజ్ మళ్ళీ లేచి కూర్చుంది. బటన్ నొక్కితే పాపం 31 అని నిజాయితీగానే చెప్పింది.

ఇంకో మాట. ఆ శాతం అనేది నీళ్ళ ట్యాంకులో గేజు లాంటిది కాదు. లోపల ఎంత ఉందో నేరుగా చూసే దారి లేదు. ఎంత కరెంటు లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది, ఇప్పుడు వోల్టేజ్ ఎంత, ఇవన్నీ చూసుకుని వేసే అంచనా. మధ్యలో చాలాసేపు వోల్టేజ్ పెద్దగా మారదు కాబట్టి 60కి, 40కి తేడా పట్టుకోవడం దానికి కూడా కష్టమే. పైగా సెల్లు కొత్తగా ఉన్నప్పటి లెక్క పట్టుకుని కూర్చునే మిషన్లు ఉన్నాయి. మన మేస్త్రి ఒకాయన, ఎప్పుడు అడిగినా "ఇంకా 30 బస్తాలు ఉన్నాయి సార్" అనేవాడు. పోయి చూస్తే సగం గడ్డకట్టినవి. బస్తాలు లెక్కకు ఉన్నాయి, పనికి రావు.

ఒకసారి ఫుల్లుగా ఎక్కించి, ఆరేదాకా వాడి, మళ్ళీ ఒకేసారి ఫుల్లు చేస్తే ఆ అంచనా కొంత సరి అవుతుంది. అంచనా సరి అవుతుంది, బ్యాటరీ కాదు. ఇది ప్రతి వారం చేయకండి, దానికే అరుగుతుంది.

సరే, నేను లోడ్ టెస్టు పెట్టిన. మనం జనరేటర్‌కు పెట్టమా, అట్లనే. తర్వాతి ఆదివారం మిషన్ ఫుల్లు చార్జ్ చేసి, బిల్డింగ్ టెర్రస్ మీద నీడలో, ఆకాశం కనిపించే చోట పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసిన. వెలుతురు ఫుల్లు, ఫోన్ కలిపి. గంటకోసారి పోయి నోటుబుక్కులో రాసుకున్నా. మొదటి గంటకు 84. రెండో గంటకు 52. రెండు గంటల 40 నిమిషాలకు 34 దగ్గర ఆరిపోయింది. డబ్బా మీద 15 గంటలని రాసిన మిషన్. సాయంత్రం మళ్ళీ చార్జ్ పెట్టి, ఆ మరుసటి వారం వెలుతురు తీసేసి, ఫోన్ విడదీసి చేస్తే అయిదు గంటలు దగ్గర దగ్గర వచ్చింది. అదే సెల్లు, లోడ్ తక్కువ.

దీంట్లో నాకు తెలిసిందేంటంటే, అన్నింటికంటే ఎక్కువ తాగేది వెలుతురు. ఈ మిషన్ల తెర చాలావాటిలో ఫోన్ తెరలాంటిది కాదు, ఎండ పడితేనే ఇంకా బాగా కనిపిస్తుంది. గల్ఫ్ ఎండలో దానికి వెలుతురు అక్కరే లేదు. మనం చీకట్లో మొదలుపెట్టి, తెల్లారినంక తీసేయడం మరిచిపోతాం, అంతే. ఆటోలో పెట్టుకోండి, లేదా 15 సెకండ్లకు ఆరేటట్టు పెట్టుకోండి. ఆ తర్వాత ఫోన్ కనెక్షన్. ఫోన్ రూంలో పెట్టిపోతే ఇంకా నష్టం, అది దారంతా ఫోన్ కోసం వెతుకుతూనే ఉంటుంది. శాటిలైట్ల సెట్టింగ్ కూడా ఉంటుంది, అన్ని రకాలూ కలిపి గుంజేది, ఒక్క జీపీఎస్‌తో నడిచేది. ఎత్తు బిల్డింగుల మధ్య అయితే మొదటిది పెట్టుకోండి. ఎడారిలో తల మీద ఆకాశం తప్ప ఏముంది, రెండోది చాలు.

ఇప్పుడు ఎండ సంగతి. ఇది మన గల్ఫ్‌వాళ్ళకు చాలా అవసరం.

పోయిన జూలైలో ఒక నెల నన్ను ఈ మిషన్ పిచ్చోణ్ణి చేసింది. రైడ్ అయిపోయి కారెక్కి చార్జర్ పెడితే ఎక్కదు. ఒక్కోసారి బోల్టు గుర్తు వచ్చి పోతది. కేబుల్ పోయిందనుకుని ఇంకోటి కొన్నా. అదీ అంతే. మూడు కేబుళ్ళు కొన్నా, కారు చార్జర్ మార్చినా. రాత్రి రూంలో అదే మొదటి కేబుల్ పెడితే శుభ్రంగా ఎక్కుతుంది! నేను మా డ్రైవర్ తమ్ముడితో కొట్లాట, "నీ కారు సాకెట్ లూజ్" అని. వాడు "అన్నా, నా ఫోన్ ఎక్కుతుంది కదా" అని.

సాకెట్ లూజు కాదు. లిథియం బ్యాటరీని మామూలుగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యనే చార్జ్ చేయాలి. అంతకంటే వేడిగా ఉంటే లోపలి సర్క్యూట్ చార్జింగ్‌ను ఆపేస్తుంది. ఆపాలి కూడా. నల్లటి మిషన్, రెండు గంటలు ఎండలో, దాన్ని తెచ్చి కాలుతున్న డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి చార్జ్ ఎక్కమంటే ఎట్లా ఎక్కుతది? మనకు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు బయట పని బంద్ కదా. అది కూడా పని బంద్ చేసింది, నాకు అర్థం కాలేదు. ఏసీ గాలికి అరగంట పెట్టి తర్వాత చార్జ్ చేయండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, మా రూంలో ఒకాయన పెట్టిండు. బయటికి తీస్తే లోపల తేమ పట్టి తెర మీద మబ్బు కమ్మింది.

మూసిన కారులో అసలే వదలకండి. ఎండలో నిలబెట్టిన కారులో డ్యాష్‌బోర్డ్ వేడి 60 దాటిపోతుంది. ఫుల్లుగా ఎక్కించిన బ్యాటరీ, వేడి, ఈ రెండూ కలిస్తే సెల్లు తొందరగా ముసలిదవుతుంది. నా ఐరిష్ ఇంజనీరు దాన్ని రెండేళ్ళు కారులోనే పెట్టేవాడట, తర్వాత మెసేజ్ చేస్తే చెప్పిండు. 200 దిర్హాంలు ఎందుకు తీసుకున్నాడో అప్పుడు అర్థమైంది.

సెలవు మీద ఇంటికి పోయేటప్పుడు ఇంకో తప్పు చేస్తాం. మిషన్‌ను ఆఫ్ చేసినమనుకుని లాకర్‌లో పడేసి పోతాం. చాలా మిషన్లలో బటన్ ఒక్కసారి నొక్కితే ఆరేది తెరే, మిషన్ నిద్రపోతుంది, కానీ తాగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆపాలంటే నొక్కి పట్టుకోవాలి, లేదా మెనూలోకి పోయి ఆపాలి. అది 8 శాతంతో నిద్రపోయిందనుకోండి, మీరు 45 రోజులకు తిరిగి వచ్చేసరికి సెల్లు పాతాళంలోకి పోయి ఉంటుంది. అట్లా పోయినవి కొన్నిసార్లు లేవనే లేవవు. పోయేముందు సగం, 50 శాతం దగ్గర పెట్టి, పూర్తిగా ఆపి, చల్లటి జాగాలో పెట్టి పోండి. మీ పాత ఫోన్ కూడా అట్లే.

పవర్ బ్యాంక్ గురించి అడిగినవాళ్ళు ఉన్నారు. సైకిల్ తొక్కుతూ చార్జ్ చేయొచ్చా? చేయొచ్చు, కానీ రెండు తిరకాసులు. కొన్ని పాత మిషన్లు కేబుల్ పెట్టగానే కంప్యూటర్‌కు కలిపిండ్రు అనుకుని రికార్డింగ్ బంద్ చేస్తాయి. రూంలో ఒకసారి చూసుకున్నాకే దారి మీద నమ్ముకోండి. రెండోది, ఇది గుంజే కరెంటు చాలా తక్కువ. పవర్ బ్యాంక్ "ఎవ్వరూ లేరు" అనుకుని కాసేపటికి తనే ఆగిపోతుంది. కొన్ని పవర్ బ్యాంకుల్లో బటన్ రెండుసార్లు నొక్కితే చిన్న కరెంటుకు కూడా ఆగకుండా ఉంటుంది. ఇంకా, రెండు వైపులా టైప్ సీ ఉన్న కేబుల్‌తో ఎక్కని మిషన్లు ఉన్నాయి, అవి ఒక వైపు పాత వెడల్పు పిన్ను ఉన్న కేబుల్‌తోనే ఎక్కుతాయి. నా మూడు కేబుళ్ళలో ఒకటి అట్లాంటిదే.

చెమట! మన చెమటలో ఉప్పు. హ్యాండిల్ మీదికి వంగితే చుక్కలు సరిగ్గా దాని మీదే పడతాయి. రబ్బరు మూత సరిగ్గా మూయకపోతే పిన్నుల మీద పచ్చటి తుప్పు. తడిగా ఉన్నప్పుడు చార్జర్ గుచ్చకండి.

సెల్లు మార్పించిన సంగతి కూడా చెప్పాలి. దేరాలో ఒక రిపేర్ షాపుకు తీసుకుపోయిన. ఆయన అదే సైజులో రెండింతల నంబర్ రాసి ఉన్న బ్యాటరీ చూపించి "ఇది పెట్టుకో, డబుల్ వస్తది" అన్నాడు. అదే సైజు, అదే బరువు, రెండింతలు ఎట్లా వస్తది? సిమెంటు బస్తా మీద 100 కిలోలు అని రాస్తే 100 అయిపోతదా? పాతదాని మీద ఉన్న నంబరే కావాలని అడిగి పెట్టించుకున్నా, 90 దిర్హాంలు. ఇప్పుడు మామూలు వాడకంలో 11 గంటలు వస్తుంది. కానీ ఒకసారి విప్పినంక నీళ్ళు ఆపే రబ్బరు మునుపటిలా కూర్చోదు. వాన పడితే నా మిషన్ జేబులోకి పోతుంది. దుబాయ్‌లో వాన ఏడాదికి ఎన్నిసార్లు లెండి.

ఒకటి మాత్రం సూపర్వైజర్‌గా చెప్తున్నా, దీంట్లో జోక్ లేదు. తెర పైకి లేచినట్టు, వీపు ఉబ్బినట్టు కనిపిస్తే ఆ రోజే వాడకం బంద్. నొక్కి లోపలికి పంపడం, సూదితో గాలి తీయడం చేయకండి. దిండు కింద, దుప్పటి మీద చార్జ్ పెట్టకండి. ఒక రూంలో ఆరు మంచాలు, ఒక ఎక్స్‌టెన్షన్‌కు ఎనిమిది చార్జర్లు, తలుపు ఒక్కటే. మంటలు వస్తే ఎటు పోతారు?

ఇక మా ఇంటి సంగతి. ఆ చుక్కను బంద్ చేద్దామనుకున్నా. మా బిడ్డ ఒప్పుకోలేదు. అందుకని ఆమెతో ఒక మాట అనుకున్నం. చుక్క ఆగితే మొదట మెసేజ్ పెట్టాలి. ఫోన్ ఇప్పుడు సైలెంట్‌లో ఉండదు, జేబులో వైబ్రేషన్‌లో ఉంటది. సగం దారిలో నేనే ఆగి ఒక్క నిమిషం ఫోన్ చేస్తా, మిషన్ బతికున్నా చచ్చినా. అప్పటికీ గంట దాకా నా నుంచి ఏమీ రాకపోతే మా బామ్మర్దికి చెప్పాలి, వాడి దగ్గర డ్రైవర్ తమ్ముడి నంబర్ ఉంది.

మొన్న ఆదివారం చుట్టు పూర్తయింది. ఈసారి లెక్కలో పడింది, 50 దాటి 300 మీటర్లు. పార్కింగ్‌లో ఆగిన రెండు నిమిషాలకు ఫోన్ కదిలింది. మెసేజ్. "బ్యాటరీయా?"

"కాదు, చాయ్" అని పెట్టిన.